రొయ్య చేపేనా?

కామత్‌ఘర్ దిక్కు బిస్సీ నడిపే చెల్లె ఒకామె పోయిన నెల మా ఇంటికి వచ్చింది. పెనిమిటి రెండు సాంచలు అమ్ముకున్నంక ఆలుమగలు కలిసి బిస్సీ పెట్టుకున్నరు. బిస్సీ అంటే భివండీ బయట ఉన్నోళ్లకు తెలవకపోవచ్చు. నెలకు ఇంత అని పైసలు కట్టి రెండు పూటలా తినే కార్మికుల మెస్సు. ఆమె దగ్గర నలభై మంది దాకా తింటరు. సగం మంది మన తెలుగోళ్లు. మిగతా సగంల మౌ, ఆజంగఢ్ దిక్కు నుంచి వచ్చి సాంచలు నడిపే భాయ్‌లు ఎక్కువ. రత్నగిరి దిక్కు నుంచి గోదాముల పనికి వచ్చిన కొంకణీ పిల్లలు ఐదారుగురు.

ఒక పూట ఈ చెల్లె సొరకాయ కూరల రొయ్యపొట్టు వేసింది. మన ఇండ్లల్ల వేసుకున్నట్టే. యూపీ పిల్లగాడొకడు సగం తిన్నంక, "అమ్మా, ఇందుల ఏం వేసినవు, మంచి వాసన వస్తున్నది" అని అడిగిండు. ఈమె సంబరంగ చెప్పింది. వాడు పళ్లెం పక్కకు జరిపి లేచిండు. వాని ఎంబడి ఇంకో నలుగురు లేచిండ్రు. ఎదురు వరుసల కూసున్న కొంకణీ పిల్లగాడు నవ్వి, "రొయ్యకే ఇంత చేస్తున్నరా, మా ఇంట్ల ఎండ్రికాయలు గూడ తింటం" అన్నడు. మాటకు మాట పెరిగి "నువ్వేం ముసల్మానువు" అన్నదాక పోయింది. మనోడొకడు నడుమ దూరి "మీ దాంట్ల ఏముందో మీకే తెలవది" అని ఎక్కిరించిండట. తెల్లారి నుంచి ఏడుగురు బంద్. నెల పైసలు ఆగినయి.

"అన్నా, చేపలు వేస్తే లొట్టలేసుకుంట తిన్నరు. నేను చేయరానిది ఏం వేసిన? రొయ్య ఏం పాపం చేసింది?" అని ఆమె కండ్ల నీళ్లు తీసుకున్నది.

నేను మిల్లుల కొన్నేండ్లు, 1982 సమ్మె తరువాత భివండీ కార్ఖానలల్ల ముప్పై ఏండ్ల పైన పని చేసిన మనిషిని. ఒక పక్క సాంచ మీద మౌ భాయ్, ఇంకో పక్క మన కరీంనగరోడు, సేఠ్ కొంకణీ. డబ్బాలు విప్పి ఎదురెదురుగ కూసున్నోళ్లం. ఎవరు ఏం తింటరో, ఏది ముట్టరో కండ్లతోటి చూసిందే. అయినా ధర్మం సంగతి చూసింది ఒకటే చాలదని, హనఫీ మస్జిద్‌ల చదువు చెప్పే మౌలానా సాబ్‌ను ఒకాయనను, కొంకణీ వాడల పెద్దాయనను ఒకాయనను అడిగి తెలుసుకున్నంక రాస్తున్న. మన ఆడబిడ్డలు చాలామంది బిస్సీలు, ఖానావళ్లు నడుపుతున్నరు. అందరికీ అక్కరకొచ్చే ముచ్చటే.

ముందుగాల చేప సంగతి. మేకనైనా కోడినైనా ముస్లింలు తినాలంటే దేవుని పేరు చెప్పి గొంతు కోసి నెత్తురు పోనియ్యాలె. దాన్నే జబా అంటరు. మనూర్లల్ల కందూరు చేసినప్పుడు ముల్లాను పిలిచి కోయిస్తరు కదా, ఊరంత కలిసి తినాలనే. చేపకు ఈ జబా అక్కర్లేదు. నీళ్లల్ల నుంచి తీస్తే చాలు, అది హలాలే. పట్టినోడు కోలీ అయినా, ఆగ్రీ అయినా, మన బెస్తోళ్లయినా ఫరక్ లేదు. కోసినామె హిందువైనా, వండినామె హిందువైనా ఫరక్ లేదు. అందుకే బిస్సీల చికెన్ పూట "ఏ దుకాణం నుంచి తెచ్చినవు" అని అడిగే భాయ్, చేప పూట అడగడు. ఇన్నేండ్ల మీద నేను చూసిన దాంట్ల అందరూ ఒక్క గిన్నెల నుంచి తినే నీసు కూర చేప కూర ఒక్కటే. మన చెల్లెకు ఈ సంగతి తెలవకుండనే తెలుసు. చేప పూట ఎవరూ ఏమీ అనకపోవుడు చూసింది. సముద్రంల నుంచి వచ్చేదంత ఒకటే లెక్క అనుకున్నది.

ఈ సవులత్ ఎక్కడి నుంచి వచ్చిందంటే, ఖురాన్‌ల సముద్రపు వేట, అందుల దొరికే తిండి మీకు సమ్మతమే అన్న మాట ఉన్నది. ఐదో అధ్యాయంల ఉన్నదని మౌలానా సాబ్ చెప్పిండు. పదహారో అధ్యాయంల సముద్రం నుంచి తాజా మాంసం తింటరని ఇంకో మాట ఉన్నది. ప్రవక్త చెప్పిన మాటలల్ల, అంటే హదీసులల్ల, చచ్చినవాటిల రెండు మీకు తినొచ్చు, ఒకటి చేప, ఒకటి మిడత అన్న అర్థం వచ్చేది ఉన్నది. మిడత అంటే మనం నవ్వుతం గాని ఎడారిల బతికినోళ్లకు అదీ తిండే.

ఇంకో కథ గూడ చెప్పిండు. నాకు మస్తు నచ్చింది. ప్రవక్త కాలంల అబూ ఉబైదా అనే సర్దార్ కింద మూడు వందల మంది సముద్రం ఒడ్డుకు పోయిండ్రు. తెచ్చుకున్న ఖర్జూరాలు అయిపోవచ్చినయి. మనిషికి రోజుకు ఒక్క ఖర్జూరం పంచే గతి వచ్చింది. దాన్ని చప్పరించి మీద నీళ్లు తాగేటోళ్లట. అది గూడ అయిపోతే చెట్ల ఆకులు కర్రలతోటి రాల్చి, నీళ్లల్ల నానబెట్టి తిన్నరు. ఆ దండుకు ఆకుల దండు అనే పేరే పడ్డది. అప్పుడు సముద్రం ఒక పే...ద్ద చేపను ఒడ్డు మీద పారేసింది. దాని పేరు అంబర్. దూరం నుంచి చూస్తే ఇసుక గుట్ట లెక్క కనపడ్డదట. చచ్చింది కదా, తినొచ్చా లేదా అని సర్దారే మొదలు వెనుకా ముందు అయిండు. తరువాత, మనం దేవుని పని మీద వచ్చినం, ఆకలితోటి ఉన్నం, తినుండ్రి అన్నడు. రోజుల తరబడి తిన్నరు, పక్షం దినాలని ఒకరు, నెల అని ఒకరు చెప్తరు. దాని పక్కటెముక నిలబెడితే కింద నుంచి ఒంటె మీద మనిషి కూసొని పోయిండట. మదీనాకు తిరిగి వచ్చి చెప్తే ప్రవక్త, అది దేవుడు మీకు పంపిన తిండి, ఏమన్న మిగిలిందా అని అడిగి తను గూడ తిన్నడు. దినాల తరబడి కడుపు మాడినోడు చెప్పిన కథ లెక్కనే ఉన్నది ఇది. సమ్మె కాలంల రేషన్ గోధుమపిండి జావ తాగినోళ్లకు అర్థమైతది.

ఇంత దాక అందరిదీ ఒకటే మాట. ఇక్కడి నుంచి దారులు చీలుతయి. సముద్రంల ఉన్నదంత తిండేనా, లేకుంటే చేప ఒక్కటేనా?

ముస్లింలల్ల ధర్మశాస్త్రం చెప్పే బడులు ఉన్నయి. మజహబ్ అంటరు. సున్నీలల్ల నాలుగు. మన దేశంల ఎక్కువ మంది నడిచేది ఇమాం అబూ హనీఫా బాట. ఈయన కూఫా పట్నం మనిషి, ఇప్పటి ఇరాక్ దేశం. 767ల పోయిండు. మనం గుర్తు పెట్టుకోవలసిన సంగతేందంటే, ఈయన పట్టుబట్టల వ్యాపారి. బట్ట అమ్ముకుంటనే ఇంత శాస్త్రం చెప్పిండు. ఈయన లెక్క ప్రకారం నీళ్లల్ల బతికేవాటిల చేప జాతి ఒక్కటే తినాలె. చచ్చినవాటి నుంచి మినహాయింపు ఇచ్చిన మాటల చేప పేరే ఉన్నది గాని ఇంకో పేరు లేదు కదా అంటరు. ఖురాన్‌ల రోత పుట్టించేవి తినొద్దన్న మాట ఉన్నది, చేప కానివి ఆ లెక్కల వస్తయి అంటరు. మరి అంబర్ సంగతేంది అంటే, ఆ కథల గూడ దాన్ని చేప అనే అన్నరు కదా అని జవాబు.

రెండో బాట ఇమాం షాఫయీది. అబూ హనీఫా పోయిన 767లనే ఈయన పుట్టిండని చెప్తరు, గాజా పట్నంల. ఇప్పుడు పేపర్లల్ల రోజూ చదువుతున్న ఆ గాజానే. సముద్రం ఒడ్డు. చివరికి ఈజిప్టుల 820ల పోయిండు. ఈయన బాటల సముద్రపు తిండి అన్న మాటను పెద్దగ తీసుకుంటరు. నీళ్లల్లనే పుట్టి నీళ్లల్లనే బతికేది ఏదైనా చేప లెక్కనే. రొయ్య, మాకుల్, ఇంకా చాలా తింటరు. మాలికీ బాట గూడ ఇట్లనే విశాలం. ఒడ్డు మీద పుట్టినాయన సముద్రాన్ని పెద్దగ చూసిండు, లోపలి పట్నపాయన చేప దాక చూసిండు అని నాకు అనిపిస్తది. మౌలానా సాబ్‌తోటి అంటే నవ్వి, "లేదు భాయ్, మాటల అర్థం మీద వచ్చిన ఫరక్ అది, ఊరి మీద వచ్చింది కాదు" అన్నడు. ఆయన చదువుకున్నోడు.

మన దేశంల మాత్రం ఊరికీ బాటకూ లంకె కండ్ల ముందట కనపడుతది. అరబ్బు వర్తకులు పడవల మీద వచ్చిన ఒడ్డు పొడుగునా షాఫయీలే. కొంకణ్, కింద భట్కల్, ఇంకా కిందికి మలబార్ మాప్పిళ్లలు, తమిళనాడుల కాయల్‌పట్నం, కీళక్కరై దిక్కు మరక్కాయర్లు. లోపలి నేల మీద, తుర్కులు, అఫ్గానులు గుర్రాల మీద వచ్చిన దారిల హనఫీలు. మన హైదరాబాదుల గూడ హనఫీలే ఎక్కువ గాని, బార్కస్‌ల ఉండే అరబ్బులు షాఫయీలు. నిజాం ఫౌజుల పని చేయనీకి యెమెన్ దిక్కు హద్రమౌత్ నుంచి వచ్చిన వాళ్ల పిల్లలు వాళ్లు.

ఇప్పుడు భివండీ చూడుండ్రి. ఈ ఊరి పాత కాపులు కొంకణీ ముస్లింలు, షాఫయీలు. 1857 గదర్ తరువాత యూపీ నుంచి మగ్గాలు పట్టుకొని వచ్చిన మోమిన్ అన్సారీలు హనఫీలు. తరువాత మనోళ్లు వచ్చి పద్మానగర్ కట్టుకున్నరు. ఒక ఊరు, ఒక కార్ఖాన, ఒక మస్జిద్‌ల పక్కపక్కన నిలబడి నమాజ్ చేసే ఇద్దరు మనుషులు, ఒకని డబ్బాల మాకుల్ ఉంటది, ఇంకొకడు దాన్ని ముట్టడు. ఇద్దరిలో ఎవరూ ధర్మం తప్పినోళ్లు కాదు. వాళ్ల పెద్దలే ఒకరి బాటను ఒకరు ఒప్పుకున్నరు. "నువ్వేం ముసల్మానువు" అన్న మాట పిల్లలు పిల్లతనంల అన్నదే గాని పుస్తకంల ఉన్నది కాదు.

ఇంక రొయ్య. ఇది అన్నిటికన్న చిక్కు ముడి. హనఫీలు చేప ఒక్కటే అన్నరు, సరే. రొయ్య చేపేనా? దానికి పది కాళ్లు. నడిమి ముల్లు లేదు. పైన పెంకు. చూస్తే చేప అనబుద్ధి కాదు. గాని ఉర్దూల దాని పేరు ఏంది? ఝీంగా మఛ్లీ. పేరులనే మఛ్లీ ఉన్నది. జంతువుల గురించి రాసిన పాత అరబ్బు పుస్తకంల గూడ దాన్ని చిన్న చేప అనే రాసిండ్రట. అందుకని హనఫీ పండితులల్ల చాలామంది, జనం చేప అంటున్నరు కదా, చేపే, తినుండ్రి అన్నరు. 1943ల పోయిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ వంటి పెద్దాయన అదే చెప్పిండు. ఇంకో దిక్కు పండితులు, చేప అంటే ముల్లు, మొప్పలు, రెక్కలు ఉండాలె, దీనికి ఆ లక్షణం లేదు, మానుకోవాలె అన్నరు. నడుమ ఇంకొందరు, వాదం ఉన్నది కాబట్టి తినకుంటే మంచిది అని ఊరుకున్నరు.

2018 జనవరిల ఇది పేపర్లకు ఎక్కింది. హైదరాబాదుల జామియా నిజామియా అని 1876ల పెట్టిన పెద్ద మదరసా ఉన్నది. అక్కడి నుంచి రొయ్య చేప జాతి కాదు, తినుడు మక్రూహె తహ్రీమీ అని ఫత్వా వచ్చింది. అంటే హరాం అనే పేరు పెట్టలే గాని దాని పక్కనే నిలబెట్టిండ్రు. దేశంల రొయ్యలు అన్నిటికన్న ఎక్కువ పండించేది ఆంధ్రప్రదేశ్, హైదరాబాదుల హోటళ్లల్ల రొయ్యల బిర్యానీ, ఈ ఫత్వా రాంగనే టీవీలల్ల ఒకటే చర్చ. వేరే పండితులు వచ్చి తినొచ్చని చెప్పిండ్రు. మానినోళ్లు మానిండ్రు, తినేటోళ్లు తిన్నరు. ఫత్వా అంటే అడిగినోనికి పండితుడు చెప్పిన జవాబు, కోర్టు తీర్పు కాదు.

తెలుగుల మనం రొయ్యను రొయ్య అంటం గాని రొయ్య చేప అనం. మన భాషల వాదం పెడితే హనఫీ గట్టోళ్లే గెలుస్తుండె.

ఎండ్రికాయ సంగతి రొయ్య అంత చిక్కు కాదు. హనఫీలకు వద్దు. మాకుల్ వద్దు, తిసర్యా గుల్లలు వద్దు. షాఫయీలల్ల మాకుల్‌కు పేచీ లేదు గాని, ఎండ్రికాయ నీళ్లల్ల, గట్టు మీద రెండు చోట్ల బతుకుతది కాబట్టి కప్ప, మొసలి, తాబేలు వరుసల పెట్టి వద్దన్న పెద్దలు వాళ్ల పుస్తకాలల్లనే ఉన్నరు. బిస్సీల నవ్విన కొంకణీ పిల్లగానికి ఈ సంగతి తెలిసి ఉండదు. వాళ్ల వాడ పెద్దాయనే నాకు చెప్పిండు. "మా ఇండ్లల్ల కొందరు తింటరు, మా నాయన ముట్టకపోయేది" అన్నడు.

షియాల లెక్క ఇంకో తీరు. చేప ఒంటి మీద పొలుసు ఉండాలె. పొలుసు లేని సొర, వాలుగ వంటివి వాళ్లకు వద్దు. అదే సొరను, ఇక్కడ మోరీ అంటరు, హనఫీ భాయ్ చేప లెక్కనే తింటడు. రొయ్యను మాత్రం షియాలు తింటరు. ఎండ్రికాయ తినరు. చూసిండ్రా, యూపీ భాయ్ వద్దన్న రొయ్య వీళ్లకు సై, ఆయన తిన్న మోరీ వీళ్లకు నై. ముంబైల డోంగ్రీ దిక్కు వంట పనికి పోయే మన అక్కలు ఇది యాదిల పెట్టుకోవాలె.

చచ్చి తేలిన చేపది ఇంకో పేచీ. వలల పడి చచ్చింది, గట్టున పడ్డంక చచ్చింది అందరికీ సమ్మతమే. తనంతట తను చచ్చి కడుపు పైకి తేలిన చేపను హనఫీలు తినరు. ఎండకాలం చెరువుల నీళ్లు చెడిపోయి చేపలు తేలినప్పుడు అగ్గువకు అమ్మవస్తరు. వాటిని బిస్సీకి కొనకుండ్రి. ధర్మం సంగతి పక్కన పెట్టినా, అవి ఎవరి కడుపుకూ మంచివి కావు.

ఇప్పుడు మన చెల్లె అడిగిన దానికి వస్త. ఆమె తప్పు తెచ్చి పెట్టలే. తెలవక తిన్న దానికి ఆ పిల్లలకు గూడ పాపం లేదు, మౌలానా సాబ్ గట్టిగనే చెప్పిండు. మరి వాళ్లకు కోపం ఎందుకు వచ్చింది? రొయ్య ఉన్నందుకు కాదు, కనపడకుండ ఉన్నందుకు. రొయ్యల కూర అని గిన్నె వేరే పెట్టి ఉంటే, తినేటోడు తింటుండె, తిననోడు పప్పు వేసుకుంటుండె. సొరకాయ కూర అని పెట్టి అందుల పొట్టు కలిపితే చూసుకునే సందు ఏది? మన ఇండ్లల్ల సోమవారం, శనివారం నీసు ముట్టని అత్తగారికి పప్పుచారుల పొట్టు కలిపి పోస్తే ఊరుకుంటదా? అదే లెక్క.

మనోడు ఎక్కిరించిండు చూడుండ్రి, అది నాకు బాగా కొట్టింది. ముంబై మిల్లుల మా పెద్దలు చెప్పిన సంగతి ఒకటి ఉన్నది. పాత కాలంల నాడె కంతల నుంచి పోగును నోటితోటి పీల్చి తీసేటోళ్లు. ఒకని నోరు పెట్టిన నాడె ఇంకొకడు నోట్ల పెట్టాలె. అందుకని దళితులను నేత ఖాతల పనికి రానియ్యలే. జీతం ఎక్కువ ఉండే ఖాత అది. ఎంగిలి పేరు మీద ఇంకొకని కూడు కొట్టిండ్రు. అట్లాంటి పట్టింపును నేను ఒప్పుకోను. గాని "ఇది నేను తినను" అని తన పళ్లెం తను జరుపుకునే పిల్లగాడు ఎవరి కూడు కొట్టలే. మన చేతి చేప కూర వారం వారం తింటనే ఉన్నడు. వాన్ని ఎక్కిరిచ్చుడు ఎందుకు?

చెల్లెకు నేను చెప్పినయి ఇవి. బయట పలక మీద రోజు కూర పేరు రాస్తది కదా, అందుల పడ్డ నీసు గూడ రాయాలె. రొయ్యపొట్టు వేస్తే వేసినట్టు. చేపలు వేయించే నూనెల రొయ్యలు, ఎండ్రికాయలు వేయించొద్దు. ముందు చేపలు తీసి, తరువాత రొయ్యలు వేయించుకొని, ఆ నూనెను మన ఇంటి కూరకే వాడుకోవాలె. గంటె వేరే ఉండాలె. గిన్నెలకు భయపడే పని లేదు, మంచిగ కడిగితే చాలు అన్నరు ఇద్దరు పెద్దలూ. బోనాలప్పుడు మనం మన తీరుల కోసిన మేక వండిన గిన్నె గూడ అంతే, కడిగితే సరి. ఆ మేక కూర మాత్రం వాళ్లకు వడ్డించొద్దు. చికెన్ కొన్న దుకాణం పేరు అడిగితే మొఖం ముడుచుకోకుండ చెప్పాలె.

ఇంకోటి. పేరు చూసి, గడ్డం చూసి, ఇతను రొయ్య తింటడు, ఇతను తినడు అని మనమే తీర్మానం చేయొద్దు. యూపీ వాళ్లల్ల రొయ్య తినేటోళ్లు మస్తు మంది ఉన్నరు. కొంకణీలల్ల అలవాటు లేనోళ్లు ఉన్నరు. కొత్త మనిషి చేరిననాడే ఒక మాట అడిగి వహీల పేరు పక్కన రాసుకుంటే అయిపోతది. ఆమె బిడ్డ ఏడో తరగతి చదువుతున్నది, అది రాస్తది.

వెళ్లిపోయిన ఏడుగురిలో ముగ్గురు తిరిగి వచ్చిండ్రని మొన్న తెలిసింది. నలుగురు వేరే బిస్సీల నెల పైసలు కట్టేసిండ్రు, ఈ నెల దాటితే గాని చెప్పలేం.

వానకాలం ముందుంది కాబట్టి ఎండు చేపల సంగతి చెప్పి ఆపుత. మహారాష్ట్ర ఒడ్డున జూన్ 1 నుంచి జులై 31 దాక మర పడవల వేట బంద్ ఉంటది, చేపలు గుడ్లు పెట్టే కాలం. తాజా చేపల ధర ఎక్కుతది. బిస్సీలన్నీ ఎండు బొంబిల్, ఎండు బంగ్డా, జవలా మీదనే నడుస్తయి. బొంబిల్, బంగ్డా చేపలే, అందరికీ నడుస్తయి. జవలా అంటే మన రొయ్యపొట్టే, వట్టి చిన్న రొయ్యలు. బజారుల తట్టల పక్కపక్కన పోసి అమ్ముతరు, ఒకదాంట్ల ఒకటి రాలుతది. ముఖ్యంగ చిన్న ఎండు చేపల కుప్పల్ల జవలా కలిసి వస్తది. ఇంటికి తెచ్చినంక చాటల పోసి ఒకసారి ఏరుండ్రి. జవలాను వేరే డబ్బాల పోసి మీద పేరు రాసి పెట్టుండ్రి, వంటకు సాయం వచ్చే పిల్లలకు గూడ తెలవాలె. చట్నీ నూరే రోలు, మిక్సీ గిన్నె జవలా నూరినంక అట్లనే కొబ్బరి చట్నీకి వాడకుండ్రి.